“అన్నా, గేమ్ లాగ్ కొడ్తా ఉంది”: గేమ్ ఇంజన్ల పనితీరు సమస్యలపై తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మాదొక చిన్న గది. రెండు బల్లలు, ఒక ఇన్వర్టరు, అరలో పదకొండు పాత ఫోన్లు. యూనిటీ, గోడాట్, అన్‌రియల్ లాంటి గేమ్ ఇంజన్లతో, అంటే గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్లతో, పనిచేసే కాలేజీ పిల్లలు, ఇద్దరు ముగ్గురు కలిసి నడుపుకునే చిన్న స్టూడియోలవాళ్లు “స్లో అయిపోయింది” అని వస్తే చూసి పెడతాం. ఆ సాఫ్ట్‌వేర్లు తయారుచేసినవాళ్లతో మాకు ఏ సంబంధమూ లేదు. రోజూ చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాసిపెట్టుకున్నాం. కొన్ని ప్రశ్నలు సమస్యతో వచ్చేవాళ్లవి, కొన్ని మాలాగే సపోర్ట్ పని చేసేవాళ్లవి.

“స్లోగా ఉంది” అని రాస్తే జవాబు ఇవ్వకుండా ఎదురు ప్రశ్నలు వేస్తారెందుకు?

ఆ ఒక్క మాట కింద మా దగ్గరికి కనీసం ఐదు వేరువేరు రోగాలు వస్తాయి. గేమ్ మొదటినుంచి చివరిదాకా బరువుగా నడవడం ఒకటి. బాగానే నడుస్తూ నాలుగైదు సెకన్లకోసారి గతుక్కుమనడం ఇంకొకటి. పది నిమిషాలు ఆడాక నెమ్మదించడం మూడోది. లెవల్ తెరుచుకోవడానికి అర నిమిషం పట్టడం నాలుగోది. ఐదోదానికి అసలు గేమ్‌తోనే పని లేదు, గేమ్ తయారుచేసుకునే ఎడిటర్‌లో ప్లే నొక్కితే టీ తాగి వచ్చేదాకా చక్రం తిరుగుతూనే ఉంటుంది.

వీటిలో ఒకదానికి పనిచేసిన మందు ఇంకోదానికి పనిచేయదు. “గ్రాఫిక్స్ తగ్గించు” అన్న సలహా మొదటిదానికి పనికిరావచ్చు, ఐదోదానికి దండగ. అందుకే ఎప్పుడు, ఎక్కడ, ఏ మిషన్ మీద, ఎంతసేపటికి అని అడుగుతాం. ఈ నాలుగూ మొదటి మెసేజ్‌లోనే ఉంటే చాలా కేసులు ఆ సాయంత్రమే తేలిపోతాయి.

ఎఫ్‌పీఎస్ ఎంతో చెప్పాను కదా, మళ్లీ మిల్లీసెకన్లు ఎందుకు?

ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు తెర మీద పడే ఫ్రేముల (బొమ్మల) సంఖ్య, ఆడేవాళ్ల లెక్క. సరిచేసేవాళ్లకు ఒక్కో ఫ్రేమ్‌కు ఎంత సమయం పట్టిందో కావాలి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోదానికి 16.67 మిల్లీసెకన్లు, 30 అంటే 33.33. మీ కోడు, ఫిజిక్సు, బొమ్మ గీయడం అన్నీ ఆ గడువులోనే అయిపోవాలి. “200 ఉండేది 150 అయిపోయింది” అని ఒకరు గోల పెడతారు. లెక్కేస్తే ఫ్రేమ్‌కు పెరిగింది 1.67 మిల్లీసెకన్లు. “60 ఉండేది, 50కి వచ్చింది, కొంచెమేలే” అంటారు ఇంకొకరు. అక్కడ పెరిగింది 3.33. కొంచెమే అన్నదానికి రెట్టింపు బరువు.

సగటు అంతకన్నా పెద్ద మోసం. ఒక సెకనులో 59 ఫ్రేములు 15 మిల్లీసెకన్ల చొప్పున వచ్చి, ఒక్కటి మాత్రం 115 తీసుకుందనుకోండి. కూడితే సరిగ్గా 1000. తెర మూలన కౌంటరు 60 అని చూపిస్తుంది. చేతిలో మాత్రం గేమ్ దడేలుమని ఆగి కదిలింది. ఆడే అబ్బాయి “లాగ్ కొడ్తా ఉంది” అంటాడు, సపోర్ట్ మనిషి “60 ఉంది కదమ్మా” అంటాడు, ఇద్దరూ నిజమే చెబుతుంటారు. కాబట్టి సగటు వద్దు. అన్నిటికంటే చెడ్డ ఫ్రేమ్ ఎంతో, అది ఎన్ని సెకన్లకోసారి వస్తోందో రాయండి.

సరే, మెసేజ్ ఎట్లా రాయాలి?

మాకు వచ్చే రకం ఇది: “అన్నా గేము శానా లాగ్ కొడ్తా ఉంది, రేపు రివ్యూ, ఏదో ఒకటి చెప్పన్నా.”

రెండు ఫోన్ కాల్స్ అయ్యాక అదే మెసేజ్ ఇలా తయారైంది: “గోడాట్ 4.3, కంపాటిబిలిటీ రెండరర్. ఫోన్ 4 జీబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 12, రిలీజ్ బిల్డ్. రెండో లెవల్లో శత్రువులు పదిమంది దాటితే ఫ్రేమ్ 14 నుంచి 41 మిల్లీసెకన్లకు పోతోంది. ప్రతిసారీ వస్తోంది. ఐదుగురికి తగ్గిస్తే రావడం లేదు. పోయిన వారం బిల్డ్‌లో ఇది లేదు. మధ్యలో మార్చింది శత్రువులు దారి వెతుక్కునే కోడ్ ఒక్కటే.”

ఆ చివరి వాక్యం రాస్తుండగానే తప్పు ఎక్కడుందో ఆ అబ్బాయికే తట్టింది. మేం చేసిందల్లా ఫోన్ ఎత్తడమే.

వెర్షన్ నంబరు రాసేటప్పుడు చివరి అంకె దాకా రాయండి. “లేటెస్ట్” అని రాయొద్దు, అది వారానికో రకంగా ఉంటుంది. బిల్డ్ డీబగ్గో (తప్పులు వెతకడానికి చేసింది) రిలీజో (ఆడేవాళ్లకు ఇచ్చేది) తప్పనిసరిగా రాయండి.

లాగ్ కనబడాలని స్క్రీన్ రికార్డింగ్ పంపాను. చాలదా?

రికార్డింగ్ కూడా ఫోన్‌కు ఒక పనే. ఆ పని చేస్తూ గేమ్ ఇంకా నెమ్మదిస్తుంది, మీ సమస్యకు రికార్డింగ్ సమస్య తోడవుతుంది. పక్కనున్నవాళ్ల ఫోన్ కెమెరాతో తెరను తీయండి. చెయ్యి వణికినా ఫరవాలేదు. వేలు ఎప్పుడు తాకింది, తెర ఎప్పుడు కదిలింది అన్నది కూడా అందులోనే కనిపిస్తుంది. స్క్రీన్ రికార్డింగ్‌లో అది సరిగ్గా దొరకదు.

ఎడిటర్‌లో ఒక అంకె, ఫోన్‌లో ఇంకో అంకె. ఏది నమ్మాలి?

ఫోన్‌దే. ఎడిటర్ మీ గేమ్‌తోపాటు తన కిటికీలు, తన జాబితాలు, తన తనిఖీలు అన్నీ నడుపుకుంటూ ఉంటుంది. పైగా అది నడిచేది మీ ల్యాప్‌టాప్ మీద. యూనిటీ అయితే డెవలప్‌మెంట్ బిల్డ్ టిక్ పెట్టి, ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, ఏ పనికి ఎంత సమయం పట్టిందో చూపే ప్రొఫైలర్‌ను ఫోన్‌కు తగిలించి చూడండి. గోడాట్‌లో కింద డీబగ్గర్ ప్యానెల్లోనే ప్రొఫైలర్, విజువల్ ప్రొఫైలర్, మానిటర్లు అని విడివిడిగా ఉంటాయి. అన్‌రియల్‌లో కన్సోల్ తెరిచి ‘స్టాట్ యూనిట్’ కొడితే మొత్తం ఫ్రేమ్, గేమ్ థ్రెడ్, డ్రా, జీపీయూ (బొమ్మలు గీసే చిప్పు) అని వేరువేరు సమయాలు చూపిస్తుంది. దాని ఫోటో ఒకటి పంపితే మాకు సగం కథ అర్థమవుతుంది.

రెండు జాగ్రత్తలు. యూనిటీలో డీప్ ప్రొఫైల్ పెడితే ప్రతి ఫంక్షన్ పిలుపునూ కొలుస్తుంది, ఆ కొలత బరువుకే గేమ్ చతికిలబడుతుంది. ఎవరు ఎవరిని పిలుస్తున్నారో చూడ్డానికి అది మంచిదే, ఎంత సమయం పట్టిందో నమ్మడానికి మాత్రం పనికిరాదు. రెండోది, ప్రొఫైలర్లో ‘వెయిట్ ఫర్ టార్గెట్ ఎఫ్‌పీఎస్’ అని పెద్ద పట్టీ కనబడితే కంగారు పడకండి. పని అయిపోయి తర్వాతి ఫ్రేమ్ కోసం కూర్చున్న సమయం అది.

ఇంకో మాట. టార్గెట్ ఫ్రేమ్ రేటు మీరు చెప్పకపోతే యూనిటీ మొబైల్లో 30 దగ్గరే పట్టి ఉంచుతుంది. “ఎంత చేసినా 30 దాటట్లేదు” అని మూడు రోజులు మెటీరియళ్లన్నీ మార్చుకుంటూ కూర్చున్న చెల్లెలొకామెకు ఒక్క లైను కోడుతో పని అయిపోయింది. ఆమె సంతోషించలేదు, ఏడ్చినంత పని చేసింది.

పెద్ద ప్రాజెక్ట్ పంపితే “చిన్నది చేసి పంపండి” అంటారు. ఆ పని మీది కాదా?

కొంత మాదే. ఎందుకు అడుగుతామో చెప్పాలంటే మెట్ల గేమ్ సంగతి చెప్పాలి.

ఒక ఇంజనీరింగ్ కాలేజీ జట్టు అలిపిరి నడకదారి మీద గేమ్ చేసింది. కొండకు నడిచి వెళ్లడమే ఆట. అలిపిరి దారిలో 3,550 మెట్లు, వీళ్లు నిజాయితీగా 3,550 మెట్లూ పెట్టారు. ప్రతి మెట్టూ విడి వస్తువు, ప్రతిదానికీ ఒక స్క్రిప్టు. ఫోన్‌లో పెడితే మూడు సెకన్లకోసారి గతుకు. “విడివిడిగా అన్ని వస్తువులు గీయాల్సి వస్తే అంతేగా, మెట్లన్నీ కలిపేయండి” అని మేం చూడకుండానే చెప్పేశాం. వాళ్లు నాలుగు రోజులు కూర్చుని మెట్లను యాభయ్యేసి చొప్పున ఒకే మెష్‌గా, అంటే ఒకే ఆకారంగా కలిపారు. సగటు కాస్త మెరుగైంది. గతుకు అలాగే ఉంది. పరీక్షలకు చదువుకోవాల్సిన నాలుగు రోజులు మా ఊహకు పోయాయి.

అప్పుడు బుద్ధొచ్చి, ప్రాజెక్ట్ కాపీ తీసి నరకడం మొదలుపెట్టాం. చెట్లు తీసేశాం, గతుకు ఉంది. భక్తుల గుంపులు తీసేశాం, ఉంది. పాటలు, గంటల శబ్దాలు తీసేశాం, ఉంది. మెట్లను సగం చేసి 1,775 పెట్టాం. అక్కడ విచిత్రం జరిగింది. గతుకు తగ్గలేదు. మూడు సెకన్లకోసారి వచ్చేది ఆరు సెకన్లకోసారి వచ్చింది.

ఆ ఒక్క సంగతితో దొంగ దొరికాడు. గీయడం బరువైతే ప్రతి ఫ్రేమూ బరువుగా ఉండాలి. సగం చేస్తే వ్యవధి రెట్టింపైందంటే ఎక్కడో చెత్త పోగవుతోంది, నిండినప్పుడల్లా ఎవరో ఊడుస్తున్నారు. ప్రొఫైలర్లో జీసీ అలాక్ అనే వరస, అంటే ఏ కోడు కొత్తగా ఎంత మెమరీ తీసుకుందో చూపేది, చూస్తే తేలింది. ప్రతి మెట్టు స్క్రిప్టూ ప్రతి ఫ్రేమ్‌లో “మెట్టు 1204 / 3550” అని కొత్త వాక్యం తయారుచేసుకుని, తెర మీదున్నదానితో పోల్చుకుంటోంది. 3,550 వాక్యాలు, సెకనుకు 60 సార్లు. అంటే సెకనుకు 2,13,000 వాక్యాలు పుట్టి చస్తున్నాయి. మెమరీ నిండగానే, వాడి వదిలేసిన మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ గేమ్‌ను ఆపి ఊడ్చేది. ఆ ఊడ్చే పనిని కొన్ని ఫ్రేములకు పంచే ఇంక్రిమెంటల్ ఎంపిక కూడా వాళ్ల పాత ప్రాజెక్ట్‌లో ఆఫ్‌లో ఉంది. ఆటగాడు కాలు పెట్టినప్పుడు మాత్రమే నంబరు మార్చేలా చేస్తే గతుకు పూర్తిగా పోయింది. మెట్లు 3,550 అలాగే ఉన్నాయి.

చిన్నది చేయడమంటే ఇదే. కాపీ తీయండి, సగం తీసేయండి, సమస్య ఉందో లేదో చూడండి. ఉంటే మిగిలినదాంట్లో మళ్లీ సగం. పోతే తీసేసినదాన్ని పెట్టి ఇంకో సగం తీయండి. ప్రతి అడుగుకీ ఏం మారిందో పుస్తకంలో రాసుకోండి. “పోలేదు గానీ మారింది” అన్నది కూడా రాయండి, మెట్ల గేమ్‌లో దారి చూపింది అదే.

మా కోడు, బొమ్మలు బయటికి పోతాయని భయం.

న్యాయమైన భయమే. బొమ్మల స్థానంలో ఉత్త డబ్బాలు పెట్టండి, పాటలు తీసేయండి. డబ్బాలతో కూడా సమస్య వస్తోందంటే మాకు అంతకంటే మంచి ప్రాజెక్ట్ లేదు. డబ్బాలు పెట్టగానే సమస్య పోయిందా, అయితే తప్పు బొమ్మల్లోనే ఉంది, అదీ ఒక జవాబే.

సీపీయూదా, జీపీయూదా అని ఎట్లా తెలుసుకోవాలి?

ఖరీదైన పనిముట్లు అక్కర్లేదు. గేమ్ రిజల్యూషన్ సగానికి తగ్గించి చూడండి. ఫ్రేమ్ సమయం బాగా పడిపోతే జీపీయూ మీద భారం ఉంది. ఏమీ కదలకపోతే మిగతా లెక్కలన్నీ చేసే చిప్పు, సీపీయూ వైపు చూడండి, స్క్రిప్టులు, ఫిజిక్సు, లేదా విడివిడిగా గీయమని పంపే ఆజ్ఞలు ఎక్కువయ్యాయి. జీపీయూ అని తేలాక లోతుకు పోవాలంటే యూనిటీలో ఫ్రేమ్ డీబగ్గర్ ఉంది, బయట ఉచితంగా దొరికే రెండర్‌డాక్ ఉంది. ఒక్కో గీత ఎప్పుడు పడిందో వరసగా చూపిస్తాయి. పొగ, దుమ్ము, దీపాల వెలుగు లాంటి పారదర్శకమైన పొరలు ఒకదాని మీద ఒకటి పడ్డచోట ఎక్కువగా దొరుకుతుంది తప్పు. హారతి సీన్లలో మరీ ఎక్కువ.

పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నం నెమ్మదిస్తుంది. ఇదేం మాయ?

మే నెల తిరుపతి మాయ. ఇక్కడ 40 డిగ్రీలు దాటడం వింతేం కాదు. ఫోన్ చిప్పు వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మొదటి మూడు నిమిషాలు ఎగిరే గేమ్ పదో నిమిషానికి ఈడుస్తుంది. చలిగదిలో ఏసీ కింద కూర్చుని పరీక్ష చేసే సపోర్ట్ మనిషికి ఇది ఎప్పటికీ కనపడదు. అతను “మా దగ్గర బాగానే ఉంది” అని రాసి మూసేస్తాడు.

నేనూ ఒకసారి దీనికి బలయ్యాను. గంగమ్మ జాతర వేషాలతో చేసిన గేమ్ ఒకటి, బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం అన్నీ ఒకే తెర మీద తిరిగేది. జాతర రోజుల్లోనే నలుగురికీ చూపిద్దామని వీధిలో బల్ల వేశాం. ఫోన్ చార్జింగ్‌లో, వెనక తోలు కవరు, ముందు ఎండ. సాయంత్రానికి వేషాలన్నీ నీళ్లలో నడిచినట్టు నడుస్తున్నాయి. ఇంజన్ కొత్త వెర్షన్‌ను నేను అక్కడే నిలబడి తిట్టాను. ఇంటికెళ్లి కవరు తీసి, ఫ్యాను కింద పెట్టి ఆడితే నిక్షేపంగా ఉంది.

అప్పటినుంచి మా పద్ధతి ఇది: కవరు తీసేయాలి, చార్జింగ్ తీసేయాలి, తెర వెలుగు సగం దగ్గర పెట్టాలి, ఆపకుండా పదిహేను నిమిషాలు ఆడాలి. మొదటి నిమిషం, ఐదో నిమిషం, పదిహేనో నిమిషం అంకెలు విడిగా రాయాలి. బ్యాటరీ వేడి ఎంతో కూడా రాయాలి. మొదటి, చివరి అంకెల మధ్య తేడా పెద్దగా ఉంటే మీ గేమ్ ఫోన్‌కు మించి పరిగెత్తుతోంది. 60 వదిలి 30 దగ్గర స్థిరంగా పెట్టడం అలాంటిచోట సిగ్గుపడాల్సిన పనేం కాదు.

ల్యాప్‌టాప్‌లో ఉన్నట్టుండి సగానికి పడిపోయింది.

కరెంటు పోయిందా? నవ్వకండి, మేం అడిగే మొదటి ప్రశ్న అదే. చార్జరు లేకుండా బ్యాటరీ మీద చాలా ల్యాప్‌టాప్‌లు వేగం తగ్గించుకుంటాయి. కరెంటు ఉండగానే జరిగితే, రెండు గ్రాఫిక్స్ చిప్పులున్న మిషన్లో గేమ్ చిన్నదాని మీద నడుస్తోందేమో చూడండి. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఆ ప్రోగ్రామ్‌కు హై పర్ఫార్మెన్స్ ఎంచుకోవచ్చు.

ఫోటో ఫైలు 3 ఎంబీనే, మెమరీ ఎందుకు నిండిపోతోంది?

శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాన్ని ఫోటో తీసి గోడలకు అద్దిన గేమ్ ఒకటి వచ్చింది. బొమ్మలు కళ్లు చెదిరేలా ఉన్నాయి. 3 జీబీ ర్యామ్ ఫోన్‌లో తెరుచుకోగానే మూసుకుపోతోంది. డిస్కు మీద ఫైలు చిన్నదే, జేపెగ్ కాబట్టి. జీపీయూ జేపెగ్‌ను చదవలేదు, విప్పి పెట్టుకోవాలి. 4096 నిలువు, 4096 అడ్డం, ఒక్కో చుక్కకు 4 బైట్లు, మొత్తం 64 ఎంబీ. దూరంగా ఉన్నప్పుడు వాడే చిన్న నకళ్లు, అదే మిప్‌మ్యాప్‌లు కలిపితే ఇంకో మూడోవంతు పెరిగి 85 దాటుతుంది. అలాంటి గోడలు పన్నెండు. అదే బొమ్మను, జీపీయూ విప్పకుండానే చదవగల ఏఎస్‌టీసీ 6×6 కంప్రెషన్‌లో పెడితే మిప్‌మ్యాప్‌లు కాకుండా 7 ఎంబీ చిల్లర. ఫోన్ తెర మీద చేతి దూరంలో తేడా మాకు కనబడలేదు, కలంకారీ వేసే పెద్దాయనకు చూపిస్తే ఆయనకూ కనబడలేదు. అదే అసలైన పరీక్ష.

మొదటిసారి పేలుడు వచ్చినప్పుడే ఆగుతుంది. రెండోసారి ఆగదు. సపోర్ట్‌వాళ్లు నమ్మడం లేదు.

మీరు నిజమే చెబుతున్నారు, వాళ్ల ఫోన్‌లో రెండోసారి నడుస్తోంది, అంతే. కొత్త ఎఫెక్ట్ మొదటిసారి తెర మీదికి వచ్చేటప్పుడు దాని షేడర్‌ను, అంటే అది ఎలా కనబడాలో జీపీయూకు చెప్పే చిన్న ప్రోగ్రామును, ఆ జీపీయూకు తగ్గట్టు అప్పటికప్పుడు తయారుచేయాల్సి వస్తుంది, గేమ్ అక్కడ ఆగుతుంది. తయారైంది దాచుకుంటుంది కాబట్టి రెండోసారి ఆగదు. ఇంజన్లు చేసేవాళ్లకు ఈ గొడవ బాగా తెలుసు. అన్‌రియల్‌లో ముందే సిద్ధం చేసుకునే పీఎస్‌ఓ ప్రీక్యాషింగ్ వచ్చింది, గోడాట్ 4.4లో దీనికోసమే, అసలు షేడర్ తయారయ్యేదాకా పని నడిపే ఉబర్‌షేడర్ల పద్ధతి పెట్టారు.

సపోర్ట్ చేసేవాళ్లు “మొదటిసారేనా, ప్రతిసారీనా?” అని అడగడం మరవొద్దు. పరీక్షించే ముందు గేమ్ తీసేసి, దాచిన డేటా తుడిచి, మళ్లీ ఎక్కించుకోండి.

కొత్త వెర్షన్‌కు మారాక నెమ్మదించింది. ఇంజన్ తప్పేనా?

కావచ్చు, కాకపోవచ్చు. ముందు కాపీ తీసుకోండి. కొత్త వెర్షన్‌లో ఒకసారి తెరిచిన ప్రాజెక్ట్‌ను పాతదాంట్లోకి వెనక్కి తేవడం చాలాసార్లు కుదరదు. తెరవగానే కొలవొద్దు, ఫైళ్లన్నీ మళ్లీ ఇంపోర్ట్ అవుతూ ఉంటాయి. అది పూర్తయ్యాక కూడా అనుమానంగా ఉంటే ఎడిటర్ మూసి, యూనిటీలో లైబ్రరీ ఫోల్డరు, గోడాట్ 4లో డాట్‌గోడాట్ ఫోల్డరు తీసేస్తే అవే మళ్లీ తయారవుతాయి. ఆ తర్వాత ఒకే ఫోన్, ఒకే సీన్, రెండు వెర్షన్ల బిల్డ్‌లు పక్కపక్కన పెట్టి కొలవండి. యూనిటీలో రెండు ప్రొఫైల్ రికార్డింగులను పోల్చే ప్రొఫైల్ అనలైజర్ అనే ప్యాకేజీ ఉంది, వాడండి.

ఇంజన్ తప్పే అని తేలితే ఏ వెర్షన్ నుంచి మొదలైందో కనుక్కోవాలి. వరసగా 64 బిల్డ్‌లున్నా అన్నీ ఆడక్కర్లేదు. మధ్యదాన్ని చూడండి, బాగుంటే పై సగం, లేకుంటే కింది సగం. ఆరు సార్లకు దొరుకుతుంది. “4.2లో బాగుంది, 4.3లో పాడైంది” అన్న ఒక్క లైను ఇంజన్ రాసేవాళ్లకు పది పేజీల ఆవేదనకన్నా విలువైనది.

బగ్ ఎక్కడ పెట్టాలి? మాకు ఇంగ్లీషు అంతగా రాదు.

యూనిటీలో హెల్ప్ మెనూలోనే రిపోర్ట్ ఏ బగ్ అని ఉంటుంది, అది ప్రాజెక్ట్‌ను కూడా జతచేసి పంపుతుంది. గోడాట్ 2014 నుంచి ఓపెన్ సోర్స్, బగ్‌లన్నీ గిట్‌హబ్‌లో అందరికీ కనబడేలా ఉంటాయి. అక్కడ సమస్యను చూపించే అతి చిన్న ప్రాజెక్ట్ జతచేయమని అడుగుతారు. పెట్టేముందు వెతకండి, మీలాంటివాళ్లు ముందే పెట్టి ఉంటే మీ అంకెలు దాని కింద చేర్చడం మేలు.

ఇంగ్లీషు సంగతికొస్తే, ముందు తెలుగులో రాయండి. ఏం చేశాను, ఏం జరిగింది, ఏం జరగాలనుకున్నాను, అంకెలు. ఆ నాలుగూ తెలుగులో సరిగ్గా ఉంటే మార్చడం పది నిమిషాల పని, మేం చేసిపెడతాం. నేరుగా ఇంగ్లీషులో మొదలుపెట్టినవాళ్లు మర్యాదలకే మూడు లైన్లు ఖర్చుపెట్టి అంకెలు మరిచిపోవడం చూస్తున్నాం.

తెలుగు అక్షరాలు వచ్చినప్పుడు గేమ్ కుదుపుతోంది, ఒత్తులు కూడా విడిపోతున్నాయి.

రెండూ వేరు సమస్యలు. ఒత్తులు విడిపోవడమంటే ఆ టెక్స్ట్ పద్ధతికి మన లిపిని కూర్చడం రాదని. గోడాట్ 4 లిపిని కూర్చే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ వాడుతుంది కాబట్టి సరిగ్గా వస్తాయి, యూనిటీ టెక్స్ట్‌మెష్ ప్రోలో రావు. కుదుపు సంగతి వేరు. కొత్త అక్షరం కనబడ్డప్పుడల్లా దాన్ని అప్పటికప్పుడు గీసి అట్లాస్‌లో, అంటే అక్షరాలన్నీ దాచుకునే ఒక పెద్ద బొమ్మలో, పెట్టుకుంటుంటే ఆగుతుంది. లోడింగ్ తెర దగ్గరే అన్ని అక్షరాలూ ఒకసారి గీయించేయండి.

మేమూ ఒక టూల్‌కు సపోర్ట్ ఇస్తాం. మెరుగుపడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

“మా దగ్గర బాగానే ఉంది” అన్న వాక్యాన్ని మానేయడంతో. దాని బదులు “ఫలానా ఫోన్, ఫలానా వెర్షన్, పది నిమిషాలు, చెడ్డ ఫ్రేమ్ 19 మిల్లీసెకన్లు” అని రాయండి. అప్పుడు అవతలివాళ్లకు తమ మిషన్‌కూ మీ మిషన్‌కూ తేడా ఏంటో వెతకడానికి ఒక దారి ఉంటుంది.

ఆ తర్వాత పాత ఫోన్లు కొనండి. మా అరలో పదకొండూ సెకండ్ హ్యాండ్‌వే. ఒకదానికి తెర పగిలింది, ఇంకోదానికి బ్యాటరీ ఉబ్బి మార్పించాం. మన జిల్లాల్లో గేమ్ ఆడేవాళ్ల చేతుల్లో ఎక్కువగా ఉండేవి అలాంటివే. కొత్త ఫోన్‌లో కనబడని తప్పు వాటిలో మొదటి నిమిషంలోనే కనబడుతుంది.

“లేటెస్ట్‌కు అప్‌డేట్ చేయండి” అన్నది మొదటి జవాబు కాకూడదు. విడుదల నోట్స్‌లో సరిగ్గా ఆ తప్పే సరిచేశామని ఉంటే చెప్పండి. ఊరికే చెబితే మనిషిని రెండు రోజులు పనిలో పెట్టి మనం తప్పించుకున్నట్టే.

ప్రశ్నలన్నీ ఒకేసారి అడగండి. రోజుకొకటి అడిగితే, సాయంత్రం మాత్రమే ల్యాబ్ దొరికే పిల్లలకు వారం పోతుంది. ఊహను ఊహ అని రాయండి. మెట్ల గేమ్‌లో మేం “మెట్లు కలపండి” అన్నది తీర్పులా రాశాం, “ఇది మా అనుమానం, ముందు ఇది కొలిచి చూడండి” అని రాసి ఉంటే నాలుగు రోజులు మిగిలేవి. ఆ తప్పు జవాబును మా రికార్డులోంచి తీసేయలేదు. దాని కిందే అసలు కారణం రాశాం, తర్వాత వచ్చినవాళ్లు రెండూ చదువుకుంటారు.

ఇంకోటి చిన్నదిగా కనిపిస్తుంది గానీ మాకు బాగా పనికొచ్చింది. పాత కేసులను ఇంజన్ భాషలో కాకుండా అడిగినవాళ్ల మాటలతో సర్దిపెట్టాం. గతుకు, వేడి, తెరుచుకోవడం లేటు, మూసుకుపోతోంది. గార్బేజ్ కలెక్షన్ అని వెతకడం తెలిసిన మనిషికి మన అవసరమే ఉండదు.

కేసు మూసేది అడిగినవాళ్లు కొత్త అంకె పంపాకే. “ఓకే అన్నా, థ్యాంక్స్” అంకె కాదు. ఆ మాట అని విసుగెత్తి వెళ్లిపోయినవాళ్లు ఎంతోమంది.

ఎప్పుడు రావచ్చు? ఏం తేవాలి?

సోమవారం తప్ప రోజూ సాయంత్రం 5 నుంచి 8 దాకా. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ మూసేస్తాం, ఆ ట్రాఫిక్‌లో మీరూ రాలేరు, మేమూ రాలేం. సమస్య వచ్చే ఫోన్‌నే తీసుకురండి, స్నేహితుడిది కాదు. డేటా వచ్చే కేబుల్ తేవాలి, చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు మా దగ్గర ఇప్పటికే ఒక సంచీ నిండా ఉన్నాయి. ల్యాప్‌టాప్ చార్జరు మరవొద్దు. ప్రాజెక్ట్ కాపీ పెన్‌డ్రైవ్‌లో వేరుగా ఉండాలి, మేం నరికేది ఆ కాపీనే.